గాలి వైపు

బావమరిది మాట్లాడుతూ సైకిలు తొక్కుతాడు. బావ అయిన అతని కడుపుమంటకి అసలు కారణం అదే.

ఎత్తెక్కేటప్పుడు ఎవరైనా నోరు మూసుకుంటారు. ఊపిరి కాళ్ళకే చాలదు, కబుర్లకెక్కడ మిగులుతుంది? వీడికి మాత్రం మిగులుతుంది. చలికాలం చివరి రోజులు. తెల్లవారింది కానీ మంచు ఇంకా రోడ్డుని వదల్లేదు. వేళ్ళు తనవో కాదో తెలియడం లేదు. జలాశయం కట్ట మీదకి రోడ్డు నిట్టనిలువుగా లేస్తోంది. వీడు పక్కనే తొక్కుతూ, నిన్న ఆసుపత్రిలో లిఫ్టు రెండంతస్తుల మధ్య ఇరుక్కుపోతే తను వెళ్ళి తలుపు తీసిన వైనం చెబుతున్నాడు. లిఫ్టులు బాగుచెయ్యడం వాడి ఉద్యోగం. లోపలున్న పెద్దావిడ భయపడకపోగా తీరిగ్గా స్వెట్టరు అల్లుకుంటోందట. "ఈ వరస అయిపోనీ బాబూ, అప్పుడొస్తాను" అందట.

"వింటున్నావా బావా?"

"ఊఁ."

ఆ ఒక్క అక్షరానికి ఎంత ఖర్చు పెట్టాడో అతనికే తెలుసు.

కట్ట మీదకి చేరగానే ఎడమవైపు నీళ్ళ మీంచి గాలి చాచి కొట్టింది. వాడు వెనకనించి జరిగి అతని ఎడమపక్కకి వచ్చాడు, సరిగ్గా గాలికి అడ్డంగా. అతను లోపల్లోపల నవ్వుకున్నాడు. సైకిలు పందేల్లోకి వచ్చినవాడు మొట్టమొదట నేర్చుకోవలసింది గాలికి దాక్కోవడం. ఎవడి చాటునైనా ఉంటే సగం కష్టం తగ్గిపోతుంది. ఆ మాత్రం తెలియని కొత్తవాళ్ళు గాలి వైపునే తొక్కి, పిక్కల్లో ఉన్న బలమంతా దారిపొడుగునా పారబోసుకుంటారు. ఈ సంగతి వాడికి చెప్పొచ్చు. చెప్పలేదు. హాయిగా వాడి చాటునే తొక్కాడు.

కట్ట చివర మలుపు తిరిగి వెనక్కి వస్తుంటే గాలి కుడివైపుకి మారింది. వాడూ కుడివైపుకి మారాడు.

"ఒక పక్కన ఉండి చావరా! కోతిలా అటూ ఇటూ గెంతుతావేంటి?"

"సరే బావా," అన్నాడు వాడు. అన్నాడే కానీ కుడివైపునే ఉన్నాడు.

కట్ట దిగువన టీకొట్టు దగ్గర గురువుగారు స్కూటరుకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఆయనకి సైకిలు షాపు ఉంది, క్లబ్బు నడిపేదీ ఆయనే. పక్కన లెక్కల మాస్టారు, గ్లాసు రెండు చేతుల మధ్యా పెట్టుకుని వేడి పీల్చుకుంటున్నాడు. గురువుగారు వాళ్ళని చూడగానే వంగి బావమరిది పిక్క పట్టుకుని నొక్కి చూశాడు, సంతలో ఎద్దుని చూసినట్టు.

"ఇది కాలు," అన్నాడు మాస్టారుతో. "ఇలాంటివి షాపులో దొరకవు."

అతను తన కాళ్ళవంక చూసుకున్నాడు. వీటిని ఎవరూ ఎప్పుడూ నొక్కి చూడలేదు.

"ఆదివారం గుట్ట ఎక్కుదాం," అన్నాడు గురువుగారు. "పైకి ఎవరు ముందొస్తే, పై ఆదివారం పందెంలో వాళ్ళే నాయకుడు. మిగతా ముగ్గురూ వాళ్ళకి పనిచేస్తారు. ఇందులో మళ్ళీ మాటల్లేవు."

పందెంలో క్లబ్బుకి నలుగురు. గెలవడానికి తొక్కేది ఒక్కడు. మిగతా ముగ్గురూ ఆ ఒక్కడికి గాలి అడ్డుతారు, నీళ్ళు అందిస్తారు, అతని చక్రం పంక్చరైతే తమ చక్రం విప్పి ఇస్తారు. ఏడేళ్ళుగా అతను ఆ ముగ్గురిలో ఒకడు. ఇన్నాళ్ళూ నాయకుడిగా ఉన్న బ్యాంకు మేనేజరుకి బదిలీ అయింది. ఆ వార్త తెలిసిన రోజు అతను ఇంటికెళ్ళి అద్దం ముందు నిలబడి, గీత దాటేటప్పుడు రెండు చేతులూ ఎలా ఎత్తాలో చూసుకున్నాడు. అప్పటికి బావమరిది ఇంకా సైకిలెక్కలేదు. వర్షాకాలంలో భార్య, "చిన్నోడు సాయంత్రాలు ఫోను పట్టుకుని పడుకుంటున్నాడు, నీతో తీసుకెళ్ళరాదూ" అంటే, తన పాత సైకిలు తుడిచి, నూనె వేసి, చేతులారా ఇచ్చాడు.

"పళ్ళాయనా," అన్నాడు మాస్టారు, "మీ పాత సైకిలు మీ కొత్త సైకిల్ని దాటేస్తుందేమో, జాగ్రత్త!"

అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. పెదాలు చలికి బిగుసుకుపోయి ఉండటం కలిసొచ్చింది.

పళ్ళాయన అనడంలో వేళాకోళమేం లేదు. అతను చేసేది పళ్ళ సెట్లు. డాక్టరుగారి క్లినిక్కు వెనక గదిలో అతని బల్ల. పగలల్లా మైనపు చిగుళ్ళలో పళ్ళు ఒక్కొక్కటీ నిలబెడతాడు. చిన్న కత్తిని దీపం మీద వేడిచేసి, పంటి మొదట్లో మైనం కరిగించి, వెంట్రుకవాసి అటో ఇటో జరిపి, దవడలా తెరుచుకుని మూసుకునే ఇత్తడి పరికరంలో పెట్టి కొరికించి చూస్తాడు. ఒక పన్ను కాస్త ఎత్తుగా ఉన్నా చాలు, మిగతా పళ్ళన్నీ పనిలేకుండా కూర్చుంటాయి, ఆ ఒక్కటే అరుగుతుంది.

శుక్రవారం మధ్యాహ్నం డాక్టరుగారు బల్ల మీదున్న సుద్ద అచ్చు ఒకటి తీసి కిటికీ వెలుతుర్లో తిప్పి చూసింది.

"ఎవరిదండీ ఇది? పళ్ళు ఇలా అరిగిపోయాయి! రాత్రుళ్ళు నిద్రలో నూరుతున్నాడల్లే ఉంది పాపం."

"ఎవరో పేషెంటండీ."

"ఏం బాధో ఏంటో. త్వరగా నిద్రలో పెట్టుకునే తొడుగు చేసివ్వండి."

"రేపటికి అయిపోతుందండీ," అన్నాడతను, తన అచ్చుని మెల్లిగా ఆవిడ చేతిలోంచి తీసుకుంటూ. నెలరోజులుగా భార్య గోల. పక్కన పడుకుంటే పిండిమర దగ్గర పడుకున్నట్టుంది అంటోంది.

ఆ సాయంత్రం టీవీలో పెద్ద పందెం. ఎక్కడో సముద్రం ఒడ్డున, ఇంకా చలి వదలని దేశంలో, రెండొందల మంది ఒకే పక్షిగుంపులా మలుపులు తిరుగుతున్నారు. ఈ పందేలంటే అతనికి పిచ్చి. తొక్కేవాళ్ళ పేర్లు, వాళ్ళ కాళ్ళ పొడుగు, ఎవరు ఏ గుట్ట మీద చేతులెత్తేశారో అన్నీ నోటికి వచ్చు. బావమరిది నేలమీద కూర్చుని నోరు తెరుచుకు చూస్తున్నాడు. భార్య బట్టలు మడతపెడుతోంది.

"అదుగో, ఆ ఎర్రచొక్కావాణ్ణి చూడు," అన్నాడతను. "గాలి కుడినించి వస్తోంది. వాడు కుడివైపుకి జరిగాడు. ఎందుకు? వాళ్ళ నాయకుడు ఎడమవైపున్నాడు. వీడి ఒళ్ళే వాడికి గోడ."

"మరి వీడికేం మిగులుతుంది బావా?"

"గౌరవం," అన్నాడతను బిస్కట్టు నములుతూ. "నన్నడిగితే గెలిచినవాడి కంటే వీళ్ళే గొప్ప. తాము తినకపోయినా నాయకుడికి పెడతారు. పేరు రాదు, ఫొటో రాదు. అయినా చేస్తారు."

"చలిలో కూడా నీళ్ళు తాగుతూనే ఉన్నారే?"

"చలిలోనే తాగాలి, తినాలి. చలికి ఆకలి తెలీదురా. తెలిసేసరికి కాళ్ళు ఆగిపోతాయి. దీపంలో నూనె అయిపోయినట్టు, ఒక్కసారే."

చెబుతున్నంతసేపూ అతనికి ఒళ్ళు పొంగింది. కానీ మనసులో నడుస్తున్న సినిమాలో అతను ఎర్రచొక్కావాడు కాడు. గోడ అవతల వెచ్చగా తొక్కుతున్నవాడు.

శనివారం గురువుగారి షాపుకి సైకిలు గొలుసు కొనడానికి వెళ్తే బావమరిది అక్కడున్నాడు. మాస్టారుకి ఏదో చెబుతున్నాడు. "నన్నడిగితే గెలిచినవాడి కంటే వాళ్ళే గొప్పండీ..." మాస్టారు కళ్ళు పెద్దవి చేసుకుని వింటున్నాడు. "ఎంత బాగా చెప్పావోయ్!" అన్నాడు కూడా. ఏడేళ్ళలో అతను అదే మాట ఈ మాస్టారుకి ఎన్నిసార్లు చెప్పుంటాడు! ఒక్కనాడైనా తలకాయ ఊపాడా? అతను గొలుసు కొనకుండానే వచ్చేశాడు.

ఆదివారం పొద్దున భార్య రెండు పొట్లాలు కట్టింది. బ్రెడ్డు ముక్కల మధ్య అరటిపండు నలిపి పెట్టి, తేనె వేసి, వెండికాగితం చుట్టింది. "ఇది నీది, ఇది చిన్నోడిది." అతను తన పొట్లం చెప్పుల స్టాండు మీద పెట్టి బూట్లకి లేసులు కడుతున్నాడు. తలెత్తితే భార్య తమ్ముడి కోటు జిప్పు గొంతుదాకా లాగి, మెడ చుట్టూ మఫ్లరు దోపి, చెంప మీద తడుతోంది.

"గెలవాలిరా చిన్నోడా. బావని గెలిపించి మరీ గెలవాలి."

"అదెలా అక్కా? ఇద్దరం గెలుస్తామా ఏంటి!"

అక్కాతమ్ముళ్ళు నవ్వుకున్నారు. తన జిప్పు ఎవరూ లాగలేదు. అతను విసురుగా తలుపు తీసుకుని బయటికి నడిచాడు.

నలుగురూ బయల్దేరారు, అతనూ, బావమరిదీ, మాస్టారూ, ఎప్పుడూ నోరు విప్పని ఫొటోలాయన ఒకడూ. గురువుగారు వెనక వ్యానులో. కట్ట దాటి, ఎండిన పొలాల మధ్య రోడ్డు సాగుతుంది, ఆ చివర గుట్ట. గాలి ఎడమనించి. బావమరిది ఎడమపక్కన.

పొలాల మధ్యలో అతను సైకిలు చొక్కాకి వీపు వెనకుండే జేబులు తడుముకున్నాడు. ఒకదాంట్లో పంక్చరు సామాను, ఒకదాంట్లో తాళాలు. మూడోది ఖాళీ. మళ్ళీ తడిమాడు. పొట్లం లేదు.

"బావా!" పక్కనించి చెయ్యి చాచాడు వాడు. వెండికాగితం చలిలో మెరిసింది. "నీది నా దగ్గరుంది. తీసుకో."

అక్క ఇచ్చి ఉంటుంది అనుకున్నాడతను. థాంక్సు చెప్పడానికి కూడా మనసొప్పలేదు. ఒక చేత్తో హ్యాండిలు పట్టుకుని, పళ్ళతో కాగితం చించి, గబగబా తిన్నాడు. కడుపులోకి వెచ్చదనం దిగింది.

వాడు తినలేదు.

అతను చాలాసేపు గమనిస్తూ వచ్చాడు. వాడి చెయ్యి కోటు కిందకి వెళ్ళలేదు. సీసా అయితే ఎత్తాడు కానీ పొట్లం తియ్యలేదు. చలికి ఆకలి తెలియడం లేదు వెర్రివెధవకి. ఇంకాసేపట్లో గుట్ట. ఇప్పుడు తినకపోతే సగంలో ఆగిపోతాడు. తినరా, అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అతను దాన్ని ఆఖరి బ్రెడ్డుముక్కతో పాటు మింగేశాడు.

గుట్ట మొదలైంది. మాస్టారు, ఫొటోలాయన మొదటి మలుపులోనే వెనకబడ్డారు. ఇద్దరే మిగిలారు. వాడు మళ్ళీ కథ మొదలుపెట్టాడు.

"మొన్న ఒక అపార్టుమెంట్లో బావా, పదేళ్ళుగా మాటల్లేని ఇద్దరు పక్కపక్క ఇళ్ళవాళ్ళు ఒకే లిఫ్టులో ఇరుక్కున్నారు. పార్కింగు దగ్గర తగువట. నేను వెళ్ళేసరికి పైన రెండు కుటుంబాలూ చెరోవైపు నిలబడి వణుకుతున్నాయి. లోపల్నించి చప్పుడు లేదు. కొట్టుకు చచ్చారేమో అని భయం. నేను తాళం తిప్పి, తలుపు తీసేసరికీ..."

వాడు ఊపిరి కోసం ఆగాడు. చిన్న ఆగడం. ఇంతకుముందెప్పుడూ ఆగనిచోట. అతనికి అంతే చాలు. సీటు మీంచి లేచి, గేరు మార్చి, ఉన్న బలమంతా పెట్టి తొక్కాడు. కథ వెనకే ఉండిపోయింది. మలుపు తిరిగేటప్పుడు ఒక్కసారి కిందకి చూశాడు. వాడి తల ఒక పక్కకి వాలిపోయి ఉంది, సైకిలు రోడ్డు మీద వంకర్లు పోతోంది. అతనికి జాలి వెయ్యలేదు. నిజం చెప్పాలంటే, అంత సంతోషం చాలాకాలంగా ఎరగడు.

పైన గురువుగారు చెయ్యి కలిపాడు. "అయితే నువ్వే!" అన్నాడు. ఆ గొంతులో ఆశ్చర్యం కాస్త ఎక్కువైందని అనిపించినా పట్టించుకోలేదు. బావమరిది ఎప్పటికో వచ్చాడు. మొహం తెల్లగా పాలిపోయింది. సైకిలు దిగి రోడ్డుపక్కన కూలబడి, "కంగ్రాట్స్ బావా," అన్నాడు, నాలుక మందంగా తిరుగుతుండగా. గురువుగారు వాడి నోట్లో చక్కెర పోసి, వాణ్ణీ సైకిల్నీ వ్యానులో వేసుకున్నాడు.

అతను ఇంటికొచ్చేసరికి వాడు సోఫాలో దుప్పటి కప్పుకుని పడున్నాడు. భార్య తలుపు దగ్గరకి కూడా రాలేదు. లోపల్నించి కేకలు వినిపిస్తున్నాయి.

"పొట్లం కట్టిచ్చింది దేనికిరా? జేబులో పెట్టుకుని ఊరేగడానికా? ఎందుకు తినలేదు?"

"ఆకలెయ్యలేదక్కా."

అతను బూట్లు విప్పడానికి వంగాడు. చెప్పుల స్టాండు మీద వెండికాగితం పొట్లం ఉంది. పొద్దున పెట్టినచోటే, పెట్టినట్టే.

ఒక బూటు విప్పాడు, రెండోది విప్పలేదు. ఇది ఇక్కడుంటే, దారిలో తిన్నది ఎవరిది? ఆ ఒక్క ప్రశ్న పడగానే మిగతావన్నీ వాటంతటవే వచ్చాయి. కట్ట మీద ఎడమపక్క. తిరిగొచ్చేటప్పుడు కుడిపక్క. చలికాలమంతా వాడు గాలి వైపే ఉన్నాడు. తను వాణ్ణి కోతి అన్నాడు.

దాచెయ్యొచ్చు. కోటు జేబులో పెట్టేసుకుంటే అడిగేవాళ్ళు లేరు. చెయ్యి జేబుదాకా వెళ్ళింది కూడా. ఎందుకో లోపలికి నడిచి, ఒక కాలికి బూటుతోనే, పొట్లం తెచ్చి సోఫా ముందు బల్ల మీద పెట్టాడు.

"ఇది నాది," అన్నాడు. "వాడిది నేను తిన్నాను."

భార్య పొట్లంవంక చూసింది, తమ్ముడివంక చూసింది, చివర్న మొగుడివంక చూసింది. వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఏదైనా అన్నా బాగుండేది.

"చలిలో తినకపోతే ఏమవుతుందో తెలీదురా నీకు?"

"తెలుసు బావా. టీవీ ముందు నువ్వే చెప్పావుగా."

"నువ్వు తినడం లేదని నేను చూశాను."

"నువ్వు చూడటం నేనూ చూశాను," అన్నాడు వాడు. నిష్ఠూరంగా కాదు, వాన పడిందంటే అవును పడింది అన్నట్టు. "తినమంటావేమో, పొట్లం లేదని తెలిసిపోతుందేమో అని భయపడ్డాను. నువ్వు అనలేదు. బతికిపోయాను."

అతను వంగి రెండో బూటు లేసు విప్పడం మొదలుపెట్టాడు.

"అసలెందుకురా ఇదంతా?"

"మాస్టారు చెప్పారు, ఏడేళ్ళు అందరికీ నువ్వే గాలి అడ్డావట. నీకు అడ్డినవాళ్ళు లేరట. ఎవరో ఒకరు చెయ్యాలిగా అనుకున్నా." వాడు పొట్లం విప్పి తినడం మొదలుపెట్టాడు. "పైగా సైకిలు నీదే కదా."

ఇలాంటప్పుడు మనసు కరిగి కళ్ళు చెమ్మగిల్లాలి. అతనికి కడుపుమంట రెండింతలైంది. కాళ్ళు వాడివే బాగున్నాయి, సరే. ఊపిరి వాడిదే గట్టిది, సరే. ఏడేళ్ళుగా తను చేసి చేసి విసుగెత్తిన పని, తనకి వచ్చిన ఒకే ఒక్క పని, అదీ వీడే బాగా చేస్తాడా? తను మేనేజరుకి గాలి అడ్డినన్నాళ్ళూ లోపల తిట్టుకుంటూనే అడ్డాడు. వీడు కబుర్లు చెబుతూ అడ్డాడు.

సాయంత్రం షాపుకెళ్ళాడు. గురువుగారు చక్రం తిప్పుతూ, పుల్లలు ఒక్కొక్కటీ బిగిస్తూ వంకర తీస్తున్నాడు. అతను జరిగిందంతా చెప్పాడు. నాయకుడిగా వాడి పేరు పెట్టమన్నాడు.

"పైకి ముందొచ్చింది ఎవరు?"

"నేనే. కానీ..."

"మాటల్లేవన్నాను కదటయ్యా." ఆయన చక్రాన్ని చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. "నాయకుడివి నువ్వే. రోడ్డు మీద ఎవరు ఎవరికోసం తొక్కుతారో నాకెలా తెలుస్తుంది? నేను వెనక వ్యానులో ఉంటాను. కళ్ళజోడు కూడా పాతది."

పందెం రోజు ఆకాశం మబ్బుగా ఉంది. ఊళ్ళు దాటాక రోడ్డు బోసిగా సాగింది. గాలి కుడినించి మొదలైంది. మాస్టారు, ఫొటోలాయన తమ వంతు గాలి అడ్డి అడ్డి వెనకబడిపోయారు. బావమరిది ఎప్పట్లాగే కుడిపక్కకి జరగబోయాడు. అక్కడ అప్పటికే అతనున్నాడు.

"బావా, నువ్వటు ఉండాలి. నాయకుడివి నువ్వు."

"నాయకుడు చెబుతున్నాడు. నోరుమూసుకుని ఎడమపక్క ఉండు."

"అక్క తిడుతుంది బావా..."

"తిను!"

వాడు పొట్లం తీశాడు. తినేదాకా అతను కన్నార్పకుండా చూశాడు. తర్వాత వాడి ముందుకి వచ్చి, తల దించి, మోచేతులు దగ్గరికి లాక్కుని గాలిలోకి దిగాడు. ముందు వేరే క్లబ్బులవాళ్ళు నలుగురు పారిపోతున్నారు, చుక్కల్లా కనిపిస్తున్నారు. ఈ పని అతనికి తెలుసు. ఎక్కడ ఒక పిడికెడు బలం దాచుకోవాలో, ఎక్కడ ఖర్చుపెట్టాలో ఒళ్ళే చెబుతుంది. ఈసారి దాచుకోలేదు. చూపిస్తాను, అనుకున్నాడు పళ్ళు బిగబట్టి. గాలి అడ్డడమంటే ఏంటో చూపిస్తాను నీకు. తొడల్లో నిప్పు లేచింది. చుక్కలు మనుషులయ్యాయి. మనుషుల చొక్కాల మీద అంకెలు కనపడ్డాయి. వెనక వాడి చక్రం చప్పుడు తన చక్రానికి అతుక్కునే ఉంది. కబుర్లు ఎప్పుడాగిపోయాయో గమనించలేదు.

ఆఖరి ఎత్తు మొదలయ్యేచోట ఆ నలుగురి వెనక్కి తెచ్చి నిలబెట్టాడు. ఇక ఒంట్లో ఏమీ లేదు. ఉన్న చివరి ఊపిరితో తల కొంచెం వెనక్కి తిప్పాడు.

"ఒరేయ్... ఆ లిఫ్టు తలుపు తీసేసరికి... ఏమైందిరా?"

వెనకనించి ఒగర్పు మాత్రం వినిపించింది, తెరలు తెరలుగా.

"వింటున్నావా?"

"ఊఁ," అన్నాడు వాడు.

ఆ ఒక్క అక్షరానికి వాడు ఎంత ఖర్చు పెట్టాడో అతనికి స్పష్టంగా వినపడింది. ఇన్ని నెలల తర్వాత మొదటిసారి కడుపు చల్లబడింది. పక్కకి తప్పుకుని వాడికి దారిచ్చాడు.